పాత డీజిల్ ఇంజన్‌లో టీడీసీ మార్కు కనుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతల కాలంలో కొన్న ఇంజన్‌ని షెడ్డులోంచి బయటికి లాగి మళ్ళీ నడిపిద్దామని ఈ మధ్య చాలామంది దిగుతున్నారు, నాకైతే చాలా సంతోషం. పిస్టన్ రింగులు మారుస్తారు, నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) టెస్ట్ చేయిస్తారు, అంతా బాగానే ఉంటుంది, చివర్లో టైమింగ్ (డీజిల్ ఏ క్షణంలో కొట్టాలో కలపడం) దగ్గరికొచ్చి ఆగిపోతారు. దానికి ముందు కావాల్సింది టీడీసీ, అంటే పిస్టన్ అన్నిటికన్నా పైకొచ్చే చోటు. అడిగిందే అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఇది ఏ ఇంజన్లకి వర్తిస్తుంది?

ముఖ్యంగా ఒక సిలిండర్ ఉండే పాత ఆయిల్ ఇంజన్లకి. మన రైస్ మిల్లుల్లో, పిండిమరల్లో, చెరుకు గానుగల దగ్గర, కాలవ గట్టున నీళ్ళు తోడటానికి వాడినవి. రెండు పెద్ద ఫ్లైవీళ్ళతో డుబ్ డుబ్ మని మెల్లగా కొట్టుకునే రకం ఉంది చూడండి, దాని మూలం ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో 1929లో మొదలైన లిస్టర్ సీఎస్. అక్కడ 1987లో ఆపేశారు గానీ అదే డిజైన్‌ని రాజ్‌కోట్‌లో లెక్కలేనన్ని షాపులు పోత పోసి అమ్మాయి, మన ఊళ్ళల్లో ఉన్నవి ఎక్కువ అవే. దాని 6 హార్స్ పవర్ మోడల్ నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కింద నుంచి పైదాకా కదిలే దూరం) ఐదున్నర అంగుళాలు. రెండో రకం కిర్లోస్కర్ లాంటి 1500 చుట్ల ఇంజన్లు. పద్ధతి రెండిటికీ ఒకటే, కొలతలే మారతాయి.

టీడీసీ అంటే పిస్టన్ పైకి రావడమే కదా, దానికింత హడావిడి ఎందుకు?

పిస్టన్ లైనర్‌లో (పిస్టన్ ఆడే గొట్టంలో) అన్నిటికన్నా పైకొచ్చి, ఇక కిందికి దిగబోయే చోటు టీడీసీ, అంటే టాప్ డెడ్ సెంటర్. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంటుకోడానికి కొంచెం టైము పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి రాకముందే పంపు డీజిల్ కొట్టాలి. ఎంత ముందు అనేది డిగ్రీల్లో చెప్తారు, లిస్టర్ 6 హార్స్ పవర్‌కి టీడీసీకి 20 డిగ్రీల ముందు, కిర్లోస్కర్ టీవీ1కి 23 డిగ్రీల ముందు. ఆ లెక్క మొత్తం టీడీసీ నుంచే మొదలవుతుంది కదా, టీడీసీయే తప్పుగా పట్టుకుంటే తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా ఉపయోగం లేదు. మీ ఇంజన్ ప్లేటు మీద గానీ పుస్తకంలో గానీ వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఫ్లైవీల్ మీద ఆల్రెడీ గీత ఉంది, దాన్ని నమ్మొచ్చా?

నమ్మకండి. చెక్ చేశాక నమ్మండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే మా పెదనాన్న పిండిమరలో జరిగింది. రాజ్‌కోట్ ఇంజన్, ఫ్లైవీల్ మీద ఉలితో కొట్టిన గీత నీట్‌గా కనిపిస్తోంది, నేను ఆ గీతనే టీడీసీ అనుకుని దానికి 20 డిగ్రీల ముందు పంపు పెట్టాను. హ్యాండిల్ తిప్పి డీకంప్రెషన్ లివర్ (వాల్వు తెరిచి ఉంచి గాలి నొక్కుడు లేకుండా చేసేది) వదిలీ వదలగానే ఇంజన్ వెనక్కి తన్నింది, హ్యాండిల్ వచ్చి మణికట్టు మీద కొట్టింది, మూడు వారాలు కట్టుతో తిరిగా. తర్వాత హెడ్డు (సిలిండర్ పైమూత) విప్పి సరిగ్గా కొలిస్తే ఆ గీత అసలు టీడీసీకి 58 మిల్లీమీటర్లు ముందుంది, అంటే దగ్గర దగ్గర 11 డిగ్రీలు. నేను 20 అనుకున్నది నిజానికి 31. పెదనాన్నని అడిగితే అప్పుడు చెప్పాడు, "ఆ చక్రం పాతదిరా, అసలుది పగిలితే పాతిక సంవత్సరాల కింద తుక్కులో కొని ఏశాం" అని. ఆ గీత ఇంకో ఇంజన్‌ది.

ఇలాంటివి మామూలే. ఫ్లైవీల్ మార్చడం, రెండు చక్రాలూ అటూ ఇటూ మార్చి బిగించడం, కీ (చక్రాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే ముక్క) అరిగిపోతే కొత్త గాడి కొట్టించడం, చూపుడు ముల్లు (గీతకి ఎదురుగా ఇంజన్ బాడీకి ఉండే గుర్తు) పోతే ఎవరో ఇంకోచోట రేకుముక్క బిగించడం. గీత, ముల్లు రెండూ జతగా ఉంటేనే అర్థం, ఒకటి మారినా రెండోది దండగ.

అసలు గీత ఎక్కడుందో కనపడటం లేదు, ఎక్కడ వెతకాలి?

ఫ్లైవీల్ రిమ్ మీద, బయటి అంచున, కొన్నిటికి లోపలి పక్క. కిరోసిన్‌తో తడిపి వైరు బ్రష్‌తో మొత్తం చుట్టూ గోకండి, నాలుగు పూతల పెయింట్ కింద ఉంటుంది. తర్వాత సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దితే సన్న గీతలు కూడా తేలతాయి, సుద్ద గాడిలోకి దిగి తెల్లగా కనిపిస్తుంది. గీత పక్కన టీసీ అనో టీడీసీ అనో అక్షరాలుంటే అది టీడీసీ, దానికి కొంచెం ఎడంగా ఇంకో గీత ఉంటే అది పంపు డీజిల్ కొట్టే గీత అయ్యుండొచ్చు. ఈ రెండిట్లో ఏది ఏదో తెలీక తారుమారు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంజన్ తిరిగే వైపు తిప్పితే డీజిల్ గీత ముల్లు దగ్గరికి ముందు రావాలి, టీడీసీ గీత తర్వాత రావాలి.

పని మొదలెట్టేముందు జాగ్రత్తలు?

డీజిల్ పైపు పంపు దగ్గర విప్పేయండి, లేదా పంపు స్టాప్‌లో కట్టేయండి. చేత్తో తిప్పుతుంటే కూడా డీజిల్ పడి కంప్రెషన్ ఉంటే ఇంజన్ ఒక్క కొట్టు కొట్టగలదు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఉంచండి. ఆకుల మధ్య చెయ్యి పెట్టి తిప్పొద్దు, రిమ్ పట్టుకుని తిప్పండి. కండువా, లుంగీ చెంగు ఆ దగ్గర్లో ఉండకూడదు. నాజిల్‌ని బయట పెట్టి టెస్ట్ చేసేటప్పుడు ఆ స్ప్రే ముందు చెయ్యి అస్సలు పెట్టకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి పోతుంది, చిన్న చుక్క గాయంలా కనపడినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం.

పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది కదా, ఏది మనకి కావాల్సింది?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తప్పుతారు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒకసారి కంప్రెషన్ మీద పైకొస్తుంది, ఇంకోసారి పొగ వదిలేసి పైకొస్తుంది. మనకి కావాల్సింది కంప్రెషన్‌ది. వాల్వ్ కవర్ తీసి రాకర్లు (ఊగుతూ వాల్వుల్ని నొక్కే చేతులు) చూడండి. పిస్టన్ పైనున్నప్పుడు ఫ్లైవీల్‌ని కొంచెం అటూ ఇటూ ఊపితే ఒక రాకర్ లేస్తూ ఇంకోటి దిగుతూ కదులుతున్నాయంటే అది ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే చోటు, అది కాదు. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఇప్పుడు రెండు పుష్ రాడ్లూ (రాకర్లని కింద నుంచి నెట్టే కడ్డీలు) వేళ్ళతో తిప్పితే గిరగిరా తిరుగుతాయి, రెండు రాకర్లకీ గ్యాప్ ఉంటుంది, అదే కంప్రెషన్ టీడీసీ. ఈ చెకప్ చేసేటప్పుడు మాత్రం డీకంప్రెషన్ లివర్ దించి చూడండి, కొన్ని ఇంజన్లలో అది ఎగ్జాస్ట్ వాల్వునే ఎత్తి పడుతుంది కాబట్టి ఎత్తి ఉంచి చూస్తే మోసపోతారు. టాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ) పెట్టాల్సింది కూడా ఈ పొజిషన్‌లోనే.

హెడ్డు తీసేశాం, పిస్టన్ పైకొచ్చింది కంటికే కనపడుతోంది, అక్కడ గీత పెట్టేస్తే పోలా?

పోదు. కంటికి అది ఎప్పటికీ దొరకదు.

లెక్క చెప్తా చూడండి. లిస్టర్ రకంలో టీడీసీకి 2 డిగ్రీల అవతల పిస్టన్ కిందికి దిగేది సుమారు 0.05 మిల్లీమీటరు, అంటే నోటు పుస్తకం కాగితం మందంలో సగం. అదే 2 డిగ్రీలకి 24 అంగుళాల ఫ్లైవీల్ రిమ్ మీద సెంటీమీటరు పైన జరుగుతుంది. అంటే రిమ్ అటొక సెంటీమీటరు ఇటొక సెంటీమీటరు తిరిగినా పిస్టన్ మీకు నిశ్చలంగా నిలబడినట్టే కనిపిస్తుంది. నాజిల్ హోల్లో స్క్రూడ్రైవరో సైకిల్ పుల్లో పెట్టి "ఇదిగో ఆగింది, ఇదే టాపు" అనేవాళ్ళు చేసేదీ ఇదే తప్పు, పైగా ఆ పుల్ల ఏటవాలుగా ఇరుక్కుంటే పిస్టన్ మీదో లైనర్ మీదో గాటు పడుతుంది. రఫ్‌గా కంప్రెషన్ చుట్టు ఏదో తెలుసుకోడానికి సరే, గీత పెట్టడానికి మాత్రం కాదు.

మరి ఖచ్చితంగా కనుక్కోడం ఎలా?

పిస్టన్‌ని పైదాకా రానివ్వకుండా మధ్యలో ఆపాలి, అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి. ఆ రెండు చోట్లకీ సరిగ్గా నడిమధ్యలో ఉన్నది టీడీసీ. పై కొసన పిస్టన్ కదలిక తెలీదు కాబట్టి, అది బాగా కదిలే చోటుకి వెళ్ళి రెండు పక్కలా కొలిచి మధ్యకి రావడం, అంతే ఈ కిటుకు.

హెడ్డు తీసి ఉంటే ఇలా చేయండి. ఒక గట్టి ఇనప పట్టీ, 10 మిల్లీమీటర్ల మందం ఉంటే బాగుంటుంది, దాన్ని లైనర్ మీద అడ్డంగా పెట్టి రెండు పక్కలా హెడ్డు స్టడ్లకి నట్లతో బిగించాలి. పట్టీ మధ్యలో హోల్ కొట్టి మర వేయించి ఒక బోల్టు కిందికి దింపండి, కొస నున్నగా ఉండాలి, కావాలంటే రాగి ముక్కో ఇత్తడి ముక్కో అతికించండి. పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి ఇంకో 12 మిల్లీమీటర్లు ఉందనగా బోల్టుకి తగిలేలా పెట్టుకోండి, లిస్టర్ రకంలో అది సుమారు 30 డిగ్రీల దగ్గర. అక్కడ ఒక్కో డిగ్రీకి పిస్టన్ దాదాపు ముప్పావు మిల్లీమీటరు కదులుతుంది, కాబట్టి తగిలిన చోటు స్పష్టంగా దొరుకుతుంది.

ఇంజన్ బాడీకి కదలకుండా ఒక ముల్లు బిగించండి, గట్టి తీగ ముక్క కొస పదును పెట్టి రిమ్‌కి తాకీ తాకనట్టు ఉంచితే చాలు. ఇప్పుడు మెల్లగా తిప్పండి, టక్ మని ఆగుతుంది, విసురుగా కొట్టొద్దు. ముల్లు ఎదురుగా రిమ్ మీద సన్నగా గీత గీయండి. అక్కడినుంచి వెనక్కి, దాదాపు మొత్తం చుట్టు తిరిగొచ్చి అవతలి వైపునుంచి మళ్ళీ బోల్టుకి తగిలేదాకా తిప్పండి, అక్కడ రెండో గీత. ఈ రెండు గీతల మధ్య రిమ్ మీద టైలర్ టేపు పరిచి కొలవండి. 24 అంగుళాల చక్రమైతే 320 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. 160 దగ్గర మూడో గీత, అదే మీ టీడీసీ. చిన్న వంపులోని మధ్య మాత్రమే తీసుకోవాలి సుమా, పెద్ద వంపు మధ్యలో ఉండేది పిస్టన్ కింద కొసన ఉండే చోటు.

రెండుసార్లు, మూడుసార్లు చేయండి. మూడుసార్లూ గీతలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే పని బాగా జరిగినట్టు. బేరింగ్ లూజు ఉన్నా భయం లేదు, రెండు వైపులా పిస్టన్ బోల్టుని ఒకేలా నెడుతుంది కాబట్టి ఆ లూజు కొట్టుకుపోతుంది. పట్టీ కదిలిందో, ముల్లు వంగిందో, అప్పుడే తేడా వస్తుంది.

హెడ్డు విప్పకుండా కుదరదా? కొత్త గ్యాస్కెట్ కొనాలంటే...

కుదురుతుంది. కిర్లోస్కర్ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (నాజిల్ నేరుగా పిస్టన్ వైపే కొట్టే) వాటిలో నాజిల్ తీసిన హోల్లోంచి పిస్టన్ అందుతుంది, నాజిల్ హోల్డర్ లాగే ఫ్లాంజితో బిగించే స్టాప్ లేత్ మీద చేయించుకోవచ్చు. ఊరికే కడ్డీ దోపడం కాదు, బిగించి ఉండాలి. లిస్టర్ సీఎస్‌లో ఇది కుదరదు, నాజిల్ హెడ్డు పక్కనుంచి ఒక చిన్న గదిలోకి కొడుతుంది, అక్కడినుంచి పిస్టన్ నేరుగా అందదు.

దానికి వాల్వు పద్ధతి ఉంది. కంప్రెషన్ టీడీసీ దగ్గరికి రఫ్‌గా తెచ్చి, రాకర్ తీసి, ఒక వాల్వు స్ప్రింగు విప్పి వాల్వుని పిస్టన్ మీద కూర్చోబెట్టాలి. ముందుగా వాల్వు కాడకి గట్టి రబ్బరు రింగో చుట్టిన తీగో తప్పకుండా వేయండి, జారి సిలిండర్‌లో పడితే ఎలాగూ హెడ్డు విప్పాల్సిందే. కాడ మీద డయల్ గేజ్ (సన్న కదలికని కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి, టీడీసీకి ముందు గేజ్ ఒక అంకె చూపించినప్పుడు రిమ్ మీద గీత, టాపు దాటి కిందికి దిగుతూ అదే అంకె చూపించినప్పుడు ఇంకో గీత, మధ్యలో టీడీసీ. సూత్రం అదే. ఈ పని చేసినంతసేపూ చక్రాన్ని కొంచెం కొంచెమే ఊపాలి, చుట్టు తిప్పేశారంటే వాల్వు పిస్టన్ వెంబడి కిందికి జారిపోతుంది.

డిగ్రీలు ఎలా కొలవాలి? నా దగ్గర డిగ్రీ ప్లేటు లేదు.

అక్కర్లేదు, ఫ్లైవీలే మీ డిగ్రీ ప్లేటు. రిమ్ చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత తీసుకుని 360తో భాగించండి. 24 అంగుళాల చక్రానికి చుట్టుకొలత 1915 మిల్లీమీటర్లు వస్తుంది, డిగ్రీకి 5.3 మిల్లీమీటర్లు, 20 డిగ్రీలకి 106. మీ చక్రం సైజు వేరుగా ఉండొచ్చు కాబట్టి నా అంకె కాదు, మీ అంకె వాడండి. టీడీసీ గీత ముల్లు కిందికి రావడానికి 106 మిల్లీమీటర్లు ఉండగా ముల్లు కిందున్న చోటు పంపు గీత. ఎటువైపో అనుమానం వస్తే ఇంజన్ తిరిగే దిక్కున చేత్తో తిప్పి చూడండి, పంపు గీత ముందు ముల్లు దాటాలి.

గీతలు పెట్టేశాం. పంపు టైమింగ్ కలిపేదెలా?

దీన్ని స్పిల్ టైమింగ్ అంటారు. నాజిల్ పైపు విప్పి, పంపు పైనున్న డెలివరీ వాల్వుని, దాని స్ప్రింగుని బయటికి తీసి, హోల్డర్ మళ్ళీ బిగించండి. ఆ వాల్వు, దాని సీటు ఒకదానికొకటి అరగదీసి జత చేసినవి, శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేసి మూత పెట్టండి, దూది గుడ్డతో తుడవకండి. పంపు ర్యాకు (ఎంత డీజిల్ కొట్టాలో మార్చే కడ్డీ) స్టాప్‌లో ఉండకూడదు, నడిచే పొజిషన్‌లో ఉండాలి. స్టాప్‌లో పెట్టి చేస్తే డీజిల్ కారుతూనే ఉంటుంది, ఎంత తిప్పినా ఆగదు. "పంపు పోయింది" అని కొత్తది కొన్నవాళ్ళు ఉన్నారు ఇలాగే.

ట్యాంకు తెరిస్తే హోల్డర్‌లోంచి డీజిల్ సన్నగా పారుతుంటుంది. కంప్రెషన్ చుట్టులో తిరిగే దిక్కున అతి మెల్లగా తిప్పండి, ధార సన్నబడుతుంది, చుక్కలవుతుంది, చుక్క చుక్కకీ ఎడం పెరుగుతుంది, చివరి చుక్క అంచున వేలాడి ఆగిపోతుంది. అక్కడ ఆపండి. ముల్లు ఎదురుగా మీ పంపు గీత ఉండాలి. దాటిపోతే కొంచెమే వెనక్కి తిప్పి సరిపెట్టకండి, గేర్ల లూజు వల్ల తప్పు చూపిస్తుంది, బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే దిక్కున రండి.

తేడా ఉంటే లిస్టర్ రకంలో పంపు కింద టాపెట్ స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి, స్క్రూ పైకి లేపితే టైమింగ్ ముందుకొస్తుంది. కిర్లోస్కర్‌లో పంపు ఫ్లాంజి కింద షిమ్ములు (సన్న రేకులు), ఒకటి తీస్తే ముందుకి, ఒకటి వేస్తే వెనక్కి. డెలివరీ వాల్వు తీయడం భయమనిపిస్తే పైపు మాత్రం విప్పి, హోల్డర్ రంధ్రంలో డీజిల్ నిండి ఎప్పుడు కదిలిందో చూసినా పని జరుగుతుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది.

టైమింగ్ తప్పుందని శబ్దం, పొగ బట్టి చెప్పొచ్చా?

కొంతవరకు. ముందుకి ఎక్కువైతే సుత్తితో కొట్టినట్టు గట్టి నాకింగ్, స్టార్టింగ్‌లో వెనక్కి తన్నడం. ఆలస్యమైతే తెల్ల పొగ, స్టార్ట్ అవ్వడానికి మొరాయింపు, లోడ్ పడగానే డల్ అయిపోవడం, సైలెన్సర్ మామూలు కన్నా వేడెక్కడం. కానీ నాజిల్ చెడినా తెల్ల పొగే, కంప్రెషన్ పోయినా తెల్ల పొగే. అందుకే పొగ చూసి షిమ్ములు తీయకండి, ముందు గీత చూడండి.

ఫ్లైవీల్ బరువు చూసి టీడీసీ చెప్పొచ్చని మా ఊరి మేస్త్రీ అన్నాడు?

రఫ్‌గా నిజమే. రిమ్‌లో ఒక పక్క మందంగా బరువు పోత పోసి ఉంటే అది మామూలుగా క్రాంక్ పిన్నుకి (పిస్టన్ కడ్డీ క్రాంక్‌కి తగిలే చోటుకి) ఎదురు వైపు ఉంటుంది, పిస్టన్ పైనుంటే బరువు కిందుంటుంది. చక్రం తప్పుగా ఎక్కించారేమో పసిగట్టడానికి బాగా పనికొస్తుంది, అలాంటి ఇంజన్ నడుస్తుంటే పునాది మీద గంతులేస్తుంది కూడా. గీత పెట్టడానికి మాత్రం చాలదు.

ట్రాక్టర్ ఇంజన్‌కి కూడా ఇంతేనా?

సూత్రం ఇంతే. క్లచ్ హౌసింగ్‌కి చిన్న కిటికీ మూత ఉంటుంది, అది తీస్తే ఫ్లైవీల్ మీద మార్కు కనపడుతుంది, అది ఒకటో సిలిండర్‌ది. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరసలో కొట్టే ఇంజన్‌లో ఒకటోది కంప్రెషన్ మీద పైనున్నప్పుడు నాలుగో సిలిండర్ రాకర్లు రెండూ ఊగుతుంటాయి, ఎంత సులువైన గుర్తో చూడండి. రోటరీ పంపు ఉన్నవాటిలో పంపు ఫ్లాంజి మీద, ఇంజన్ మీద కలిసే గీత ఉంటుంది, విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

కాలేజీ ల్యాబ్‌లో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ (వాల్వులు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుని మూసుకుంటాయో చూపే బొమ్మ) వేయమన్నారు, రీడింగ్స్ కుదరట్లేదు అన్నా.

తమ్ముడూ, నువ్వు టేపుతో కొలిచి 360తో హెచ్చవేసి చుట్టుకొలతతో భాగించే ఫార్ములా కరెక్టే, నీ టీడీసీ గీత మీదే నాకు అనుమానం. అన్ని రీడింగులూ ఒకే వైపు ఒకే అంత తప్పుతున్నాయంటే గీత తప్పు, తలా ఒక తీరుగా ఉంటే నువ్వు వాల్వు తెరుచుకున్న క్షణం సరిగ్గా పట్టట్లేదు. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సన్న కాగితం పెట్టి లాగుతూ తిప్పు, బిగుసుకున్న చోటు తెరుచుకోవడం, వదులైన చోటు మూసుకోవడం. ప్రెషర్ సెన్సార్ ఉన్న టెస్ట్ రిగ్గులో అయితే, డీజిల్ కొట్టకుండా మోటార్‌తో తిప్పినప్పుడు ప్రెషర్ ఎక్కువైన చోటే టీడీసీ అనుకోకు, వేడి గోడల్లోకి పోవడం వల్ల, రింగుల పక్కనుంచి గాలి జారడం వల్ల ఆ పీక్ టీడీసీకి కొంచెం ముందే వస్తుంది.

కొత్త గీత చెరిగిపోకుండా ఏం చేయాలి?

చిన్న ఉలితో రిమ్ అంచున సన్నగా కొట్టండి, లోతుగా అక్కర్లేదు, పోత ఇనుము కదా, గట్టిగా బాదితే బీట వేస్తుంది. పాత తప్పు గీతని ఆకురాయితో కొట్టేయండి, ఇది మర్చిపోవద్దు, లేకపోతే పదేళ్ళ తర్వాత ఇంకొకరు దాన్నే పట్టుకుంటారు. టీడీసీకి తెల్ల పెయింట్, పంపు గీతకి ఎర్ర పెయింట్. ముల్లుని ఇంజన్ బాడీకి బోల్టుతో బిగించి, మీ చక్రానికి డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో షెడ్డు గోడ మీద పెయింట్‌తో రాసి పెట్టండి. మా పెదనాన్న పిండిమర గోడ మీద, కరెంటు మీటరు కింద, 5.3 అని ఇప్పటికీ ఉంది.